ఐదో బట్టీ కన్ను

ఆ ఉదయం షావుకారు చేతిలో ఉన్న సరుకు బహు స్వల్పం. ఒక సైకిలు తాళంచెవి. రెండు వారాలుగా నిండుగా వెళ్ళి నిండుగానే తిరిగొస్తున్న ఒక టిఫిన్ క్యారియర్. ఏడుపు కూడా పొదుపుగా వాడుకుంటున్న ఒక చెల్లెలు. ఇంత తక్కువ పెట్టుబడితో బేరానికి దిగినవాడు ఇంకెవరైనా అయితే, ఆయనే పక్కకి పిలిచి "నాయనా, ఇంటికి పో" అని చెప్పి ఉండేవాడు.

అందరూ ఆయన్ని షావుకారనే పిలుస్తారు. బొగ్గు కొట్టు మూతపడి చాలా కాలమైంది గానీ పేరు మాత్రం మూతపడలేదు. ఇప్పుడు ఆయన వ్యాపారం ఆరా తియ్యడం. దారిలో మాయమైన లారీలు, గోడౌన్లో తరిగిపోయిన బస్తాలు, అప్పుడప్పుడు కనబడకుండా పోయిన మనుషులు. "సరుకైనా మనిషైనా గాల్లో కలవదు. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారుతుంది. ఆ రెండో చెయ్యి ఎవరిదో చూడటమే నా పని" అంటుంటాడు. ఇన్నాళ్ళూ ఆ మాట హాయిగానే అన్నాడు. ఈసారి పోయింది సొంత బావ.

బావని కోక్ బట్టీల్లో అందరూ పాళ్ళాయన అంటారు. నేలబొగ్గుని గాలి సరిగా ఆడని బట్టీలో మూసిపెట్టి కాలిస్తే గట్టి కోక్ అవుతుంది. ఇనుము కరిగించే కొలిమికి అదే తిండి. అందుకు పనికొచ్చే మంచి బొగ్గు రానురాను దొరకడం లేదు. రంపపు మిల్లుల దగ్గర గుట్టలుగా పడి ఉండే పొట్టుని కలిపితే బొగ్గు ఆదా అవుతుందని చాలామంది ఎగబడ్డారు. పచ్చి పొట్టే కలిపేశారు. బట్టీ తెరిస్తే కోక్ బిస్కెట్టులా చేతిలోనే విరిగిపోయింది. బావ ఒక్కడే ఆ పొట్టుని ముందు పెనం మీద గింజల్లా వేయించి, కాఫీ రంగు రాగానే దించి, పిండి చేసి, ఎంత కలపాలో అంతే కలిపాడు. ఆ 'ఎంత' అన్నది ఆయన తలలో ఉంది. ఇప్పుడు ఆ తల ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

చెల్లెలు వంటింట్లో క్యారియర్ గిన్నెలు సర్దుతోంది.

"ఈవేళ కూడా తెస్తావా?" అన్నాడు షావుకారు గుమ్మంలో నిలబడి.

"మధ్యాహ్నానికి ఆయనకి ఆకలేస్తుంది కదా అన్నయ్యా."

"గేటు దగ్గర వాళ్ళు పుచ్చుకోరు కదమ్మా."

"పుచ్చుకోకపోతే తిరిగి తెస్తాను. పెద్ద బరువేం కాదు."

నీళ్ళ గొట్టం లోపలికొచ్చే చోట గోడకి పడ్డ కన్నాన్ని బావ ఎప్పుడో బంకమట్టితో పూడ్చాడు. ఎండిన ఆ మట్టి మీద రెండు వేలి కణుపుల గుంటలు పక్కపక్కనే ఉన్నాయి. గిన్నె కోసం అటు వెళ్ళినప్పుడల్లా ఆమె రెండు వేళ్ళు ఆ గుంటల్లో ఒక్క క్షణం ఆనించి తీస్తోంది, నిద్రపోయే పసివాడి బుగ్గ తాకినట్టు. షావుకారు చూశాడు. అడగలేదు. కొన్ని సరుకుల ధర అడగకూడదు.

*

బట్టీల ఆఫీసు గదిలో ఇన్‌స్పెక్టర్ అప్పటికే కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. కేసు ఆయనది. ఆయన దృష్టిలో అది ఏనాడో మూసేసిన కేసు.

"రండి షావుకారు గారూ. చుట్టరికం పని మీద వచ్చారా, దర్యాప్తు పని మీద వచ్చారా?"

"రెండూ ఒకే బండిలో వచ్చాయండి. ఏది ముందు దింపమంటారు?"

"ఏదీ దింపక్కర్లేదు. మీ బావగారికి ఎవరో పెద్ద కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. సైకిలు బస్టాండులో పెట్టి, తాళం వేసి, బస్సెక్కి వెళ్ళిపోయాడు. నాలుగు నెలలు పోతే మంచి చీర పట్టుకుని తిరిగొస్తాడు."

షావుకారు జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ సైకిలుది గొలుసు తాళం. నొక్కితే పడుతుంది, చెవి లేకుండా ఊడదు. ఆ చెవి ఇది. పెళ్ళయినప్పటి నుంచి మా చెల్లెలి వంటింట్లో మేకుకి వేలాడుతోంది. బావ ఏనాడూ తాళం వెయ్యడు. ఎందుకని అడిగితే 'ఈ డొక్కు సైకిలు ఎత్తుకుపోయేవాణ్ణి చూసి జాలిపడాలి బావగారూ' అనేవాడు. పారిపోయే రోజునే ఆయనకి బుద్ధొచ్చిందా?"

"తాళం చిన్న విషయం."

"చిన్నదే. కానీ వేసినవాడు తాళాలు వేసే అలవాటున్న మనిషి అయ్యుంటాడు. పరాయి సొత్తు కూడా జాగ్రత్త చేశాడు."

ఇన్‌స్పెక్టర్ మొహం కాస్త ముడుచుకుంది. "నాకు సాక్షి ఉన్నాడు. బస్సెక్కడం కళ్ళారా చూశాడు. అడగండి, మీ ముచ్చట తీర్చుకోండి."

సాక్షి యజమానిగారి అల్లుడు. మామగారి కుర్చీ వెనకాల నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ నలగని చొక్కా, కుడి అరచేతికి తెల్లటి కట్టు.

"ఎన్నింటికి చూశారు బాబూ?"

"సాయంత్రం ఆరు, ఆరున్నర."

"ఆ వేళప్పుడు మీకు బస్టాండులో ఏం పని?"

"కాఫీ తాగుతున్నాను."

"చేతికి ఆ కట్టేమిటి?"

"కాఫీ ఒలికింది."

"ఆ కాఫీయేనా?"

"కాదండీ. ఇది పొద్దుటిది."

"మీకూ కాఫీకీ జాతకాలు కలిసినట్టు లేవు" అన్నాడు షావుకారు. ఇన్‌స్పెక్టర్‌కి నవ్వొచ్చింది. దగ్గుతో సర్దుకున్నాడు.

యజమాని విసుగ్గా కదిలాడు. "చూడండి షావుకారు గారూ, ఆయన పోవడం వల్ల నష్టపోయింది నేను. ఎల్లుండి పెద్ద ఫౌండ్రీ వాళ్ళు సరుకు చూడ్డానికి వస్తున్నారు. చెక్కపొట్టు కలిపిన కోక్ అని ఆశపెట్టాను. ఆయన వెళ్ళిపోయాక ఒక్క పిడికెడు పొట్టు కూడా నా బట్టీలో పడలేదు. ఉత్త బొగ్గు. ఏం చూపించమంటారు?"

"ఏం కాల్చారో అదే చూద్దాం పదండి" అన్నాడు షావుకారు లేస్తూ.

గేటు బయట చెల్లెలు క్యారియర్ పట్టుకుని నిలబడి ఉంది. ఎండ ఆమె మీద పడుతోంది. ఆమె మాత్రం బట్టీల వైపే చూస్తోంది. షావుకారు నోరు తెరిచేలోగానే ఇన్‌స్పెక్టర్ కాపలావాడితో అన్నాడు: "ఆవిణ్ణి లోపలికి రానివ్వు. నీడలో కూర్చుంటుంది."

ఈ మనిషిలోనూ కొంచెం అసలు మిగిలి ఉందనుకున్నాడు షావుకారు.

*

గుండ్రటి ఇటుక బట్టీలు వరసగా ఉన్నాయి. ఐదో బట్టీ తలుపు ఆ పొద్దున్నే పగలగొట్టారు. నీళ్ళు కొట్టి చల్లార్చి, పొడుగాటి కొక్కెంతో లాగిన కోక్ ముందు గుట్టగా పోసి ఉంది. షావుకారు ఒక గడ్డ తీసి ఇటుక మీద పడేశాడు. గిన్నె పడ్డట్టు ఖంగున మోగింది. ఇంకో దాన్ని విరగ్గొట్టి, జేబులోంచి భూతద్దం తీశాడు. వెండి రంగు కోక్‌లో అక్కడక్కడ ఆవగింజంత నల్లటి చుక్కలు. ఒక్కో చుక్కలో సన్నటి గీతలు. రంపం కింద పడకముందు చెట్టులో ఉన్న గీతలే అవి.

"ఇన్‌స్పెక్టర్ గారూ, మీ కళ్ళు నా కళ్ళకంటే వయసులో చిన్నవి. ఓసారి చూడండి."

ఆయన చూశాడు. చాలాసేపే చూశాడు. "చెక్క."

"పాత గుట్టలోది కలిసి ఉంటుంది" అన్నాడు యజమాని.

"చెయ్యి పెట్టి చూడండి" అన్నాడు షావుకారు. "పాత సరుకు ఇంకా జ్వరంతో ఉందా?"

ఎవరూ చెయ్యి పెట్టలేదు. అంత దూరానికే వేడి తెలుస్తోంది.

అల్లుడు ముందుకొచ్చాడు. "నేనే కలిపాను. ఆయన చేస్తుంటే చూసి నేర్చుకున్నాను. పోటీవాళ్ళకి తెలియకూడదని మామయ్యగారు అలా చెప్పారు. వ్యాపార రహస్యం. తప్పా?"

తప్పని ఎలా అంటాడు? రహస్యం దాచుకునే వ్యాపారిని షావుకారు జీవితంలో తప్పు పట్టలేదు. ఇన్‌స్పెక్టర్ చేతులు దులుపుకున్నాడు.

"చూశారా? అబద్ధమే, కానీ నేరం కాదు. షావుకారు గారూ, ఒక్క మాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి. పోయినవాడు మీ బావ కాకపోతే ఈపాటికి మీరూ నా మాటే అనేవారు. మీరు వెతుకుతున్నది ఆధారాలు కాదు, ఆయన్ని."

మాట సూటిగా తగిలింది. నిజమే. కొట్టు ఉన్న రోజుల్లో బావ వారానికోసారి వచ్చి, ప్రతి బొగ్గు గడ్డా తిప్పి చూసి, పోట్లాడి, ఆఖరికి ఏమీ కొనకుండా భోజనం చేసి పోయేవాడు. కొట్టు మూశాక కూడా ఆ పోట్లాట కోసమే వచ్చేవాడు. ఇప్పుడు విరిగిన కోక్ గడ్డ చేతిలో పట్టుకుని, దాన్ని చూపించి గొడవ పెట్టుకోవడానికి షావుకారుకి మనిషి లేడు.

యజమాని ఫోను మోగింది. తెల్ల చొక్కా మీద మసి పడకుండా ఆఫీసు వైపు నడిచాడు. అల్లుడు వెనకే వెళ్ళాడు.

నీడ పట్టున చెల్లెలు, కొక్కెం తాత ముందు కూర్చుని క్యారియర్ విప్పుతోంది. బట్టీల్లోంచి కోక్ లాగే ముసలాయన అతను. ఆ పొద్దున ఇంకా ఏమీ తినలేదట.

"తినండి తాతా. ఎవరో ఒకరు తినాలి కదా."

తాత తలెత్తకుండా తింటున్నాడు. షావుకారు పక్కన చతికిలబడ్డాడు.

"తాతా, బట్టీ కన్ను ఎవరు మూస్తున్నారు ఇప్పుడు?"

తలుపుని ఇటుకలతో కట్టి, మట్టితో మెత్తాక పైన ఒక కన్నం వదులుతారు. దాన్నే కన్ను అంటారు. లోపలి మంట ఆ కన్నులోంచి గాలి పీలుస్తుంది. మంట చల్లబడే అదను చూసి కన్ను మూసెయ్యాలి. ముందు మూస్తే బొగ్గు పచ్చిగా ఉండిపోతుంది, ఆలస్యమైతే తయారైన కోక్ కాస్తా బూడిదవుతుంది.

"మాకేం తెలుసు బాబూ. సాయంత్రం కాగానే మమ్మల్నందర్నీ పంపేస్తున్నారు. అల్లుడుగారే మూస్తారంట." తాత ఒక ముద్ద మింగి, గొంతు తగ్గించాడు. "ఉత్త బొగ్గయితే నేను మూసేస్తా, మంట రంగు చూసి. పొట్టు కలిపిందైతే నావల్ల కాదు. ఆ మంట ముందే చల్లబడినట్టు నటిస్తుంది. పాళ్ళాయన తప్ప ఎవరూ కనిపెట్టలేరు."

షావుకారు చటుక్కున లేచాడు. పాళ్ళు చూసి నేర్చుకోవచ్చు. వేయించడమూ నేర్చుకోవచ్చు. మంట నటనని కనిపెట్టడం కాఫీ ఒలకబోసుకునే అల్లుడికి రెండు వారాల్లో వస్తుందా? గుట్టలో ఉన్న కోక్ ఖంగున మోగుతోంది. ఐదో బట్టీ కన్నుని అదనులోనే మూసిన చెయ్యి ఒకటుంది.

ఐదో బట్టీ తలుపు పగలగొట్టిన ఇటుకలు, మట్టి పెళ్ళలు ఒక పక్కకి తోసేసి ఉన్నాయి. షావుకారు వాటిని తిరగేయడం మొదలుపెట్టాడు. చెల్లెలు వచ్చి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. ఏం వెతకాలో అడగలేదు. తనకే బాగా తెలిసినట్టు రెండు చేతులా వెతికింది.

ముందు ఆమెకే దొరికింది. గుప్పెడంత మట్టి ముద్ద, కాలి ఇటుకలా ఎర్రబడింది. కన్నుకి కొట్టిన బిరడా. దాన్ని తిప్పి చూసి అలాగే ఉండిపోయింది.

"ఏమిటమ్మా?"

ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో షావుకారుకి అర్థం కాలేదు. ముద్దని అన్న చేతిలో పెట్టింది. మట్టి లోపలికంటా దిగేలా వేలి కణుపులతో పొడిచిన గుంటలు. ఒకటి. రెండు. పక్కనే కొంచెం చిన్నగా, చిటికెన వేలి కణుపుతో పెట్టినట్టు మూడోది.

ఇన్‌స్పెక్టర్ భుజం మీంచి తొంగి చూశాడు. "కణుపుల గుర్తులు. ఎవడైనా పెట్టొచ్చు."

"రెండైతే ఎవరైనా పెట్టొచ్చు సార్" అంది ఆమె. "కణుపులతో పొడిస్తే మట్టి బిగుస్తుందని ఆయన అందరికీ చెప్పేవారు. ఒకటి నువ్వు, ఒకటి నేను అని నాకు మాత్రం చెప్పేవారు. పెళ్ళయి తొమ్మిదేళ్ళు, ఎప్పుడూ రెండే." "ఆ ముందు రోజు రాత్రే ఆయనకి చెప్పాను. ఇంకెవరికీ చెప్పలేదు. అన్నయ్యా, నీక్కూడా చెప్పలేదు. ఇన్నేళ్ళకి వచ్చింది, నిలబడుతుందో లేదో అని భయం. తెల్లారి డ్యూటీకి వెళ్ళారు. మళ్ళీ రాలేదు."

ఇన్‌స్పెక్టర్ వంగి ఆ మూడో గుంటని మళ్ళీ చూశాడు.

"ఎన్నో నెల?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతులో ఇందాకటి పోలీసు లేడు.

"మూడు."

"ఈ కన్ను మూసి ఎన్నాళ్ళవుతుంది?"

"మొన్న సాయంత్రం మూసి ఉంటారు" అన్నాడు షావుకారు. "మూశాక ఒకటిన్నర రోజు ఆరనిచ్చి పొద్దున పగలగొట్టారు. అంటే మొన్న సాయంత్రం దాకా బావ ఇక్కడే ఉన్నాడు. మంట రంగు చూడ్డానికి ఆయన్ని బట్టీ దాకా తేక తప్పలేదు వాళ్ళకి. నోరు కట్టేశారు, చేతికి మట్టి ఇచ్చారు. బేరంలో పొరపాటు అదే."

చెల్లెలు ఆ ముద్దని కొంగుతో తుడిచి, తాత ఖాళీ చేసిన పై గిన్నెలో పెట్టి మూత బిగించింది.

*

ఇన్‌స్పెక్టర్ పైకి ఏమీ తేలనివ్వలేదు. ఆఫీసు దాకా వెళ్ళి, మామూలుగా ఒకసారి అన్ని గదులూ చూసి కేసు మూసేస్తానన్నాడు. యజమాని సంతోషంగా తాళాలు తీశాడు. ఆ సంతోషం షావుకారు కంటపడింది. ఖాళీ గోడౌన్ చూపించే వ్యాపారి మొహం అది.

పొట్టు వేయించే షెడ్డు ఖాళీగా ఉంది. పెనం చల్లగా ఉంది. మూల రంపపు పొట్టు గుట్ట మీద మనిషి పడుకున్నంత గుంట.

"కూలీలు కునుకు తీస్తుంటారు" అన్నాడు అల్లుడు.

చెల్లెలు ఆ గుంట పక్కన కూర్చుంది. తల ఆనిన చోట అరచెయ్యి ఉంచింది. పొట్టు అప్పటికే చల్లారిపోయింది. అయినా తియ్యలేదు. షావుకారు వచ్చి భుజం తట్టేదాకా అలాగే ఉంది.

మామా అల్లుళ్ళు వెనకాల షెడ్డుకి తాళం వేస్తుండగా ఆయన మిగతా బట్టీలు చూసుకుంటూ నడిచాడు. ఆరో దాని కన్ను ఇంకా తెరిచే ఉంది. ఏడో దాని కన్ను మూసి ఉంది. మట్టి ఇంకా పూర్తిగా ఆరలేదు, ఈ తెల్లవారుజామునే మూసి ఉంటారు. దాని మీద కణుపుల గుర్తులు లేవు. చదునుగా, బోసిగా, ఒక అరచెయ్యి అద్దిన ముద్ర.

తెల్లటి కట్టు గుర్తొచ్చింది. కాఫీ కాదు ఆ చేతిని కాల్చింది.

ఇన్‌స్పెక్టర్ కూడా ఆ ముద్ర చూశాడు. "తామే మూసుకోవడం నేర్చుకున్నారన్నమాట. అందుకే ఆయన్ని ఇక్కణ్ణుంచి తీసేశారు. ఇంక ఆయనతో అవసరం లేదు." రివాల్వర్ మీదికి చెయ్యి పోయింది. "పదండి, ఇద్దర్నీ ఇప్పుడే లోపల వేస్తాను."

"ఆగండి. లోపల వేస్తే నోరు మూస్తారు. బావ ఎక్కడున్నాడో తెలిసిన నోళ్ళు అవి రెండే."

షావుకారు బట్టీకి ఇంకాస్త దగ్గరగా వెళ్ళాడు. వేడికి కళ్ళు మండుతున్నా వంగి చూశాడు. అరచేత్తో పైపైన అద్దిన మట్టి ఆరుతూ అంచున చీలింది. వెంట్రుక మందం చీలిక. దాని లోపల సన్నటి ఎర్రగీత మినుకుమంటోంది. చెవి పెట్టి విన్నాడు. బట్టీ ఆ చీలికలోంచి గాలి పీలుస్తోంది, నిద్రలో పసిబిడ్డ ఊపిరిలా.

"ఇన్‌స్పెక్టర్ గారూ" అన్నాడు మెల్లిగా. "ఇందులో కోక్ కాలిపోతోంది. రేపు సాయంత్రం తలుపు పగలగొడితే బూడిద రాలుతుంది. ఎల్లుండి ఫౌండ్రీ వాళ్ళొస్తారు. ఆరో బట్టీ కన్ను ఇంకా మూయలేదు. అప్పుడు వీళ్ళకి ఎవరు కావాలి?"

ఇన్‌స్పెక్టర్ చెయ్యి రివాల్వర్ మీంచి దిగింది. "ఆయన కోసం వాళ్ళే పరిగెత్తుతారు."

"మనం వెనకాల నడుద్దాం."

"గేటు దగ్గర ఇద్దరు, వెనక సందులో ఇద్దరు, మఫ్టీలో" అన్నాడు ఇన్‌స్పెక్టర్. తర్వాత యజమానికి వినబడేలా గట్టిగా అరిచాడు: "ఇంక చాలు షావుకారు గారూ! కేసు మూసేశాను. ఇంటికెళ్ళండి!"

"అలాగేనండి" అన్నాడు షావుకారు అంతకంటే గట్టిగా, ఓడిపోయిన మొహం పెట్టి. ఆ మొహం తెచ్చిపెట్టుకోవడం ఆయనకి కష్టమేమీ కాలేదు. ఆ చీలికని రేపటిలోగా అల్లుడు చూసి పూడ్చేస్తే బూడిద రాలదు. బూడిద రాలకపోతే బావ అవసరం రాదు. ఒక మనిషి ప్రాణం వెంట్రుక మందం మట్టి పగులు మీద నిలబడి ఉంది.

దారిలో చెల్లెలు క్యారియర్ ఆయన చేతికివ్వలేదు. మట్టి ముద్ద ఉన్న పై గిన్నె మీద అరచెయ్యి ఉంచుకుని నడుస్తోంది.

"రేపు కూడా తేనా అన్నయ్యా?"

"తీసుకురా. ఆకలిమీద ఉంటాడు."

షావుకారు లెక్క చూసుకున్నాడు. తెచ్చిన తాళంచెవి జేబులోనే ఉంది. క్యారియర్ మొదటిసారి తేలికపడి తిరిగొస్తోంది. చేతికి కొత్తగా వచ్చింది గుప్పెడు కాలిన మట్టి, దాని మీద మూడు గుంటలు. పొద్దున ఈ దారిన ఇద్దరు వెళ్ళారు. ఇప్పుడు ముగ్గురు తిరిగొస్తున్నారు.

నాలుగో మనిషి ఒక్కడే బాకీ.